ముందు కుడి భుజం

ఏప్రిల్ 9

గుడిలో మైకు పట్టుకుని అన్న మాటిచ్చేశాడట. ఈ బ్రహ్మోత్సవాలకే గరుడ వాహనానికి కార్బన్ ఫైబర్ కర్రలు చేసి ఇస్తామని. ఈ సంగతి నాకు అన్న చెప్పలేదు, పాలు పోసే యశోదమ్మ చెప్పింది. "మీ హృషీ భలే మాట్లాడినాడు అమ్మణ్ణీ, అందురూ సప్పట్లు కొట్టినారు" అంది. షెడ్డులో కార్బన్ గుడ్డ కోసేది నేను, ఆ గుడ్డను గట్టిపరిచే రెసిన్ కలిపేది నేను, గాలి లాగే పంపు మొరాయిస్తే విప్పి బాగుచేసేది నేను. చప్పట్లు ఆయనకు.

కర్రలు కావాలి, కాదనను. టేకు కర్రలు రెండూ పోయినేడే నిలువునా చీలాయి. ఒకప్పుడు గరుడుణ్ణి మోయడానికి భుజాలు దొరక్క కాదు, చోటు దొరక్క కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు వాహనం మోసే శ్రీపాదం వాళ్లంతా కలిసినా కర్రలు నిండవు, ఉన్నవాళ్లలో సగం మందికి మోకాళ్ల నొప్పులు. తేలిక కర్రలు రావాల్సిందే. కానీ పద్దెనిమిది అడుగుల కర్ర మేం ఎప్పుడైనా చేశామా? డ్రోన్ రెక్కలు, కారు బానెట్లు తప్ప మా రేణిగుంట షెడ్డు నుంచి బయటికి పోయిందేముంది?

పైగా దాని కింద ముందు కుడి వైపు ఉండేది మా నాయన. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ చోటు ఆయనదే. ఆ భుజం మీద నిమ్మకాయంత కాయ ఉంది. మైకు పట్టుకున్నప్పుడు ఆ కాయ అన్నకు గుర్తొచ్చిందో లేదో.

"నన్నొక మాట అడగాల గదన్నా" అన్నాను.

"అడిగితే వద్దంటావు" అన్నాడు.

వద్దనేదాన్నే. అయినా అడగాలి కదా!

ఏప్రిల్ 11

చెన్నై రెసిన్ డీలరుతో గంట మాట్లాడాను. "మేడం, ఎపాక్సీ అంటే ఎపాక్సీనే. మా రెసిన్‌తో హోటళ్లకు టేబుళ్లు పోస్తారు, అద్దం మాదిరి ఉంటాయి" అంటాడు. నేను మోత కర్రలు అంటున్నాను, వాడు టేబుళ్లు అంటున్నాడు. గట్టిపడ్డాక ఎంత వేడి దాకా మెత్తబడకుండా ఉంటుందని అడిగితే, "సార్ లేరా మేడం?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఫోను పెట్టేశాను.

అన్నకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. మనం గుడ్డ మీద సంచి కప్పి గాలి లాగితే, రెసిన్ ఒక కొస నుంచి రెండో కొసకు తనంతట తాను పాకాలి. పద్దెనిమిది అడుగులు పాకాలంటే పలచగా ఉండాలి, పాకేదాకా గట్టిపడకూడదు. గట్టిపడ్డాక ఎండలో మెత్తబడకూడదు. మన గుడిలో గరుడ సేవ పొద్దున బయల్దేరి నడినెత్తిన ఎండ వచ్చాక తిరిగొస్తుంది. నల్ల కర్ర ఆ ఎండలో పెనంలా కాలుతుంది. అంత వేడికి ఆగేది పూనే వాళ్ల నెమ్మది రెసిన్ ఒక్కటే. అది కూడా, చేసిన తర్వాత కర్రను ఎనభై డిగ్రీల వేడిలో ఒక పూటంతా ఉంచితేనే.

"పూనే నుంచి ఎప్పుడొస్తాది, ఎప్పుడు సేస్తాం? పద్దెనిమిదడుగుల పొయ్యి యాడుండాది మనకు?" అన్నాడు. డీలరు దగ్గరున్నది అరగంటలో గట్టిపడే రకం, పొయ్యి అక్కర్లేదు, రేపే వస్తుందట. వెతుకుదాం అన్నాను. మైకులో మాటిచ్చేశాను అన్నాడు. ఎవరు ఇవ్వమన్నారు?

ఏప్రిల్ 14

నా మాట వద్దు, కళ్లతో చూడమన్నాను. మూరెడు పట్టీలు రెండు చేశాను. ఒకటి డీలరు శాంపిల్‌తో, ఇంకొకటి మన దగ్గర అడుగున మిగిలిన పూనే రెసిన్‌తో. పూనే పట్టీని మా వంటింటి ఓవెన్‌లోనే వేడికి పెట్టాను (వదిన అమల ఆ ఓవెన్‌లో ఇక కేకు చేయనంది, నిజమే, చేయకూడదు). రెండింటికీ నల్ల రంగు పూసి షెడ్డు రేకుల మీద దిమ్మెల మధ్య పరిచి, నడుమ చెరొక ఇటుక వేలాడదీశాను. మధ్యాహ్నానికల్లా డీలరు పట్టీ ఊయల మాదిరి దిగబడింది. పూనేది ఉలకలేదు.

అన్నను నిచ్చెన ఎక్కించి చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇది ముక్క. కర్ర లావుగా ఉంటాది, వంగదు" అని దిగిపోయాడు.

ఏప్రిల్ 15

నాకు కోపం లేదు. వాళ్ల గుడి, వాళ్ల కర్రలు.

ఏప్రిల్ 18

రాత్రి భోజనాల దగ్గర నాయనకు చెప్పాను. ఆయన రాగిసంగటి ముద్దను గుంత చేసి పులుసు పోసుకుంటున్నారు. అన్న వినేటట్టే చెప్పాను.

"నాయనా, ఆ రెసిన్ ఎండకు మెత్తబడుతుంది. నేను చూసినా. కర్ర వంగిందంటే బరువంతా ముందుకే వస్తుంది. ముందుండేది నువ్వు."

నాయన ముద్ద మింగి, "వాడు సూసుకుంటాన్నాడు గదా" అన్నారు.

"వాడు ఏం చూసుకుంటాడు? రెసిన్ పని చేసేది నేను."

"అరవద్దు అమ్మణ్ణీ. తినేటప్పుడు యెందుకా కోపం?"

కోపం గురించే మాట్లాడతారు అందరూ. రెసిన్ గురించి ఒక్కరూ మాట్లాడరు. నేను నెమ్మదిగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే కోపమంటారు. అన్న తలొంచుకుని సంగటి తింటున్నాడు, నోట్లో నాలుక లేనట్టు. మైకు ముందు మాత్రం గంట మాట్లాడతాడు.

నాయన చేయి కడుక్కుని పోతూ నా కంచంలో చూసి, "తిను" అన్నారు. తినలేదు.

ఏప్రిల్ 20

అర్చక స్వామి ముహూర్తం పెట్టారట. ఇరవై మూడో తేదీ, అభిజిత్ లగ్నం. అంటే మిట్టమధ్యాహ్నం పన్నెండు. ఏప్రిల్ నెలలో. రేకుల షెడ్డులో. డీలరు చెప్పిన అరగంట చల్లని గదిలో అరగంట. మా షెడ్డులో అది పది నిమిషాలు కూడా ఆగదు.

పొద్దున్నే చల్లపూట పెట్టించమన్నాను. "స్వామి పెట్టినాక మార్చమంటే బాగుండదు ప్రియా" అన్నాడు అన్న. స్వామికి రెసిన్ గురించి ఏం తెలుసు? తెలిసినవాళ్లు చెప్పాలి కదా!

ఏప్రిల్ 23

చేతికి బర్నాల్ పూసుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర్లు పోతున్నాయి.

పదకొండుకే అందరూ వచ్చేశారు. కమిటీ చైర్మన్ పరంధామయ్య, ఆయన వెనకాల పదిమంది, ఇద్దరు ఫోన్లలో వీడియో తీసేవాళ్లు. వదిన పొంగలి తెచ్చింది. అన్న పట్టుపంచె కట్టుకుని నామం పెట్టుకుని పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. కార్బన్ గుడ్డ చుట్టిన రెండు కర్రలు బల్లల మీద సంచుల్లో ఉన్నాయి. పంపు ఆడుతోంది, గాలి ఎక్కడా లీకు లేదు. అంతవరకూ నేను చేసిన పని.

స్వామి హారతి ఇచ్చారు, కొబ్బరికాయ కొట్టారు. సరిగ్గా పన్నెండుకు అన్న రెసిన్‌లో అది గట్టిపడటానికి వేసే హార్డెనర్ పోశాడు. బకెట్ నిండా, మొత్తం ఒకేసారి! కొంచెం కొంచెంగా కలుపు, బకెట్ నిండా ఉంటే అదే వేడెక్కి ఉడుకుతుంది అని పొద్దుటి నుంచీ చెబుతున్నాను. వీడియోలో బాగుంటుందని నిండు బకెట్ కలిపాడు.

గొట్టం విప్పగానే రెసిన్ గుడ్డలోకి పాకింది. మొదటి ఆరడుగులు బాగానే పాకింది. తడి గీత నల్లగా నిగనిగలాడుతూ ముందుకు పోతుంటే అందరూ ఆ... అన్నారు. తర్వాత నెమ్మదించింది. తర్వాత మరీ నెమ్మదించింది. పన్నెండో అడుగు దగ్గర నిలిచిపోయింది. నేను గొట్టం పట్టుకుని చూస్తే చేతికి కాలుతోంది.

అప్పుడు బకెట్లోంచి పొగ లేచింది.

పరంధామయ్య చేతులెత్తి దండం పెట్టాడు. "శుభం ప్పా! ధూపం లేసింది సూడు. స్వామి ఒప్పుకున్నాడు!" అన్నాడు. అందరూ గోవిందా గోవిందా అన్నారు. నిజంగా అన్నారు! రెసిన్ మాడిపోయి, బకెట్ అడుగు కరిగి కారిపోతుంటే, చుట్టూ నిలబడి గోవింద కొట్టారు. నేను అరుస్తూ ఆ బకెట్‌ను ఈడ్చుకుంటూ బయటికి తీసుకుపోయి ఇసుక కుమ్మరించాను. వేళ్లు కాలాయి. వెనక్కి వచ్చేసరికి పొంగలి పంచుతున్నారు.

అదే బకెట్ నుంచి పాకిన రెండో కర్రకూ అదే గతి.

జనం పోయాక అన్నను అడిగాను. "కడపటి ఆరడుగులకు రెసిన్ చేరలేదు. లోపలంతా ఎండు గుడ్డ. ఏం చేద్దాం?"

"పైన రెసిన్ పూసి రంగేస్తాం" అన్నాడు.

ఏప్రిల్ 24

షెడ్డుకు పోలేదు. ఇక పోను.

ఏప్రిల్ 26

టిఫిన్ బాక్సు అక్కడే మరిచిపోయాను, దాని కోసం పోయాను.

రెండు కర్రలూ నున్నగా పాలిష్ పట్టి, నల్లరంగు వేసి, కొసలకు ఇత్తడి తొడుగులు పెట్టి ఉన్నాయి. చూడటానికి అద్దంలా ఉన్నాయి. హోటల్ టేబుళ్లలా. అన్న షెడ్డులో లేడు. పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి, ముందు కొస నుంచి ఒక్కో చోట కొట్టుకుంటూ పోయాను. గట్టిగా ఉన్నచోట టింగుమంటుంది. పన్నెండో అడుగు దాకా టింగుమంది. ఆ తర్వాత అట్టపెట్టెను కొట్టినట్టు తప్‌మంది. తప్. తప్. చివరి దాకా తప్.

అప్పుడు అన్న వచ్చాడు. బిళ్ల చేతికిచ్చి నువ్వే కొట్టి చూడమన్నాను. కొట్టాడు. విన్నాడు. నాకు తెలుసు విన్నాడని, మొహం మారింది.

"బోలు కర్ర గదా, అట్లే ఉంటాది శబ్దం" అన్నాడు.

"అన్నా, దీని కింద నాయన ఉంటాడు."

"ఏం కాదు ప్రియా. ఒక్క పూట. పైనుండేది దేవుడు, కింద పడేస్తాడా?"

టిఫిన్ బాక్సు గోడకేసి కొట్టాను. సొట్ట పడింది. మళ్లీ అదే బాక్సులో రేపు అన్నం పెట్టుకుపోవాలి.

ఏప్రిల్ 29

ఇంట్లో కమిటీ వాళ్ల మీటింగు. నాయన గుడి ట్రస్టు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి అందరూ మా వరండాలోనే చేరతారు. వదినా నేనూ కాఫీలు ఇచ్చాం. గ్లాసులు ఇచ్చేసి లోపలికి పోలేదు నేను. తలుపు పట్టుకుని నిలబడి చెప్పేశాను.

"పరంధామయ్య గారూ, ఆ కర్రలు మోయడానికి పనికిరావు. మూడో వంతు లోపల ఎండు గుడ్డ. మిగతాది ఎండకు మెత్తబడుతుంది. కావాలంటే రండి, ఎండలో పెట్టి బరువు వేసి చూపిస్తా."

పరంధామయ్య గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "ఆడపిల్లోళ్లకు భయం ఉంటాది లేమ్మా. మంచిదే. స్వామి సూసుకుంటాడు."

"అది అట్లే అంటాది లేప్పా" అన్నాడు అన్న. "దానికి కోపం జాస్తి. ముహూర్తం నాడు బకెట్ పట్టుకుని యెట్ల అరిసిందో సూసినారు గదా."

అందరూ నవ్వారు. నేను నాయన వైపు చూశాను. ఒక్క మాట అంటారేమోనని చూశాను. ఆయన తువ్వాలు సర్దుకుంటూ నేల చూస్తున్నారు. దగ్గారు. నా గురించి ఏదో అంటారనుకున్నాను.

"ఈ తూరి ముందు కుడి భుజం హృషీ పెడతాడు" అన్నారు. "నా సేత కాదింక. వయసైపాయె. కర్రలు సేసినోడే మోస్తే బాగుంటాది."

చప్పట్లు! పరంధామయ్య లేచి అన్నను కౌగిలించుకున్నాడు. అన్న మొహం నేను చూడలేదు, లోపలికి వచ్చేశాను. అంట్లు తోమాను. తోమినవే మళ్లీ తోమాను. చెడిపోయిన కర్ర చేసినందుకు బహుమానం. ఊళ్లో ఏ మర్యాదైనా వదులుకుంటారు కానీ ఆ చోటు వదులుకోని మనిషి, పళ్లెంలో పెట్టి కొడుక్కిచ్చేశారు. నేను చెప్పింది చెవిన కూడా పడలేదు.

ఏప్రిల్ 30

పొద్దున నేను షెడ్డుకు పోయేసరికే అన్న కూర్చుని ఉన్నాడు. కర్ర పక్కన, చేతిలో రూపాయి బిళ్ల. కొడుతున్నాడు. తప్. తప్.

నన్ను చూసి లేచాడు. "ప్రియా, పూనే రెసిన్ ఎన్ని దినాల్లో వస్తాది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. చెప్పులు విప్పుతూ, పార్సిల్‌లో వేస్తే ఎల్లుండికి వస్తుంది అని చెప్పాను కూడా. ఆ తర్వాత అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాయన భుజానికి సాలింది. నీ భుజానికి సాల్లేదా?"

"అట్ల కాదు మే..."

"ఎట్ల మరి? సెప్పు. ఆయప్ప కింద ఉన్నెన్ని దినాలూ దేవుడు పడెయ్యడు అంటివి. నిన్న నీ పేరు సెప్పినాక దేవుడు మారిపోయినాడా?"

బిళ్లను చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. నేను ఇంకా చాలా అన్నాను, అన్నీ రాయను. సిగ్గులేదా అన్నాను. అమ్మ ఉంటే ఏం చెప్పేవాడివి అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. లేదు, అనాల్సిందే.

చివరికి, "సేస్తావా?" అని అడిగాడు, కిందికి చూస్తూ.

చేస్తానన్నాను. నీ కోసం కాదు, వెనకాల మోసే మిగతావాళ్లు ఏం పాపం చేశారు అన్నాను. అది నిజం. పూర్తిగా నిజమో కాదో ఇప్పుడు ఆలోచించను.

మే 2

రెసిన్ వచ్చింది. నీళ్లలా ఉంది. డబ్బా మూత తీసి ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఈసారి ముహూర్తం అడగడానికి నేనే గుడికి పోయాను. తెల్లవారుజామున, వెలుతురు రాకముందే మొదలుపెట్టాలి స్వామీ, చల్లగా ఉంటేనే పని అవుతుంది అని చెప్పాను. వాదించడానికి సిద్ధపడే పోయాను. ఆయన పంచాంగం కూడా తెరవలేదు.

"బ్రాహ్మీ ముహూర్తం కన్నా మంచిది యాడుండాదమ్మా? ఆ పొద్దే నేను పెడతానంటి. మీ అన్నే పన్నెండుకు కావాలన్నాడు. తెల్లారి అయితే పెద్దోళ్లు రారు, వీడియోకు వెలుతురు సాలదు అని."

గుడి మెట్లు దిగి చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయాను. బస్టాండు దాకా ఉత్తకాళ్లతో పోయాను.

మే 4

చీకటితో మొదలుపెట్టాం. అన్న, నేను, పంపు. హారతి లేదు, పొంగలి లేదు, ఫోను లేదు. రెసిన్ చిన్న గిన్నెల్లో కలిపాను, అయిపోతుంటే ఇంకొక గిన్నె. రెండు కర్రల్లోనూ తడి గీత నడిచింది. పన్నెండో అడుగు దాటినప్పుడు నేను ఊపిరి బిగపట్టాను. రేకుల మీద ఎండ పడే వేళకు చివరి కొసకు చేరి, బయటి గొట్టంలోకి చుక్కలు చుక్కలుగా వచ్చింది.

అన్న చెప్పినట్టు చేశాడు. పట్టుకో అంటే పట్టుకున్నాడు, మూయి అంటే మూశాడు. చేతకానివాడు కాదు, అదే నా ఏడుపు. ఇంత బాగా చేయగలవాడు ఆరోజు ఎందుకు చేయలేదు?

మే 6

చిత్తూరు. కర్రలను వేడికి పెట్టడానికి జయంతి వాళ్ల మామిడి తాండ్ర యూనిట్. కొత్త ఆరబెట్టే గది కట్టుకున్నాక పాత గదిని వదిలేశారు. అందులో తాండ్ర పెట్టరు ఇక. పొడుగుకు సరిపోయింది. ఇద్దరం కాలేజీలో ఒక బెంచీ, ఎప్పుడు ఏది అడిగినా నన్ను ఏడిపించకుండా ఇవ్వదు.

"ఉడికినాక పలకలుగా కోసి అమ్ముకుందామా?" అంది. గది వేడి మెల్లగా పెంచుతూ, ఎనభై దగ్గర నిలబెట్టి బయట బల్ల మీద కూర్చున్నాం. బయట తోతాపురి లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, ఊరంతా మాగిన మామిడి వాసన.

"ఎవురి మీదే నీకింత కోపం?" అంది జయంతి.

"రెసిన్ మీద."

"రెసిన్ ఏం సేసింది నిన్ను?"

ఏడుపొచ్చింది. ఏం పిచ్చి ప్రశ్న! నిద్ర లేకపోతే ఏడుపొస్తుంది ఎవరికైనా.

మే 8

మిట్టమధ్యాహ్నం షెడ్డు ముందు ఎండలో కొత్త కర్రలను దిమ్మెల మీద పెట్టి గరుడుడి బరువుకు రెట్టింపు బియ్యం మూటలు వేశాం. చేయి పెడితే కాలుతోంది. సాయంత్రం దాకా ఉంచాం. దారం కట్టి కొలిచాను, వెంట్రుకంత కూడా దిగలేదు.

తర్వాత పాత కర్రను తెచ్చి నేనే గ్రైండర్‌తో కోశాను. అన్న వద్దనలేదు. పదిహేనో అడుగు దగ్గర తెరుచుకుంది. పైన బియ్యపు గింజంత మందాన రెసిన్, లోపల ఉట్టి గుడ్డ. వేళ్లతో లాగితే పోగులు పోగులుగా వచ్చింది. ఆ పోగులు అన్న చేతిలో పెట్టాను.

"ఇది. ఇది నాయన భుజం మీద పెట్టాలనుకున్నావు."

దిమ్మె మీద కూలబడ్డాడు. చాలాసేపు లేవలేదు. నీళ్లు తెచ్చిచ్చాను. మంచినీళ్లు ఇవ్వడానికి కోపం అడ్డం కాదు కదా.

మే 13

గరుడ సేవ అయింది. రాయడానికి ఓపిక లేదు, కానీ రాయకపోతే నిద్ర రాదు.

కర్రలు ఆగాయి. నాలుగు వీధులూ, ప్రతి మండపం దగ్గరా, ఆ ఎండలో. స్వామి మీద ఉన్న గొడుగు ఊగింది కానీ కర్ర ఊగలేదు. ముందు కుడి వైపు అన్న. భుజం కందిపోయి నెత్తురు చిమ్మేటట్టుంది. నాయన ఖాళీ భుజంతో పక్కన నడిచారు. మండపం దగ్గర ఆగినప్పుడల్లా తువ్వాలు తీసి అన్న భుజం కింద సర్దారు. పరంధామయ్య మైకులో మన హృషీకేశ్, మన హృషీకేశ్ అని గొంతు పోయేలా చెప్పాడు.

నాయన పానకం గ్లాసు పట్టుకుని మా ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు అడిగాను. ఇక ఆపుకోలేకపోయాను. "నీ చోటు వాడికెందుకిచ్చినావు నాయనా?"

చుట్టూ చూశారు. ఎవరూ లేరు.

"నువ్వు సెప్తే ఇన్లా వాడు. నా భుజం అని సెప్పినా ఇన్లా. వాని భుజమైతే ఇంటాడని."

"అంటే నీకు తెలుసా? ఆ కర్ర పనికిరాదని?"

"నాకేం తెలుస్తాది రెసిన్ సంగతి? నువ్వు సెప్పినావు గదా. పుట్టినప్పటి నుంచి నువ్వు అబద్ధం సెప్పింది ల్యా."

సంతోషం కలగాలి. కలగలేదు. "నమ్మినావా? నన్ను నమ్మినావా? మరి ఆ పొద్దు అందురూ నన్ను సూసి నగుతా ఉంటే నేల సూసినావే! ఆ మాట నలుగురిలో అంటే నీ సొమ్మేం పోయింది?"

"పెద్దమనుషుల్లో కొడుకును తక్కువ సెయ్యమంటావా అమ్మణ్ణీ?"

"నన్ను సెయ్యొచ్చా?"

పానకం తాగలేదు ఆయన. గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికి పోయారు. నేను ఇక ఈ ఉత్సవాలకు గుడి గడప తొక్కను. అరచేతిలో గీత గీసుకుని చెబుతున్నాను, తొక్కను.

మే 15

తొక్కను.

మే 17

ఈరోజు చివరి రోజు. మర్యాదలు జరిగే రోజు. సేవ చేసినవాళ్లను పేరు పెట్టి పిలిచి, స్వామి కట్టిన పట్టుగుడ్డను తలకు పరివట్టం చుడతారు. ఎవరికి చుడతారో నాకు తెలుసు. పొద్దున్నే నాయన నా గది ముందు నిలబడి, "వస్తావా?" అని అడిగారు. తలుపు తీయకుండానే రానన్నాను. చెప్పుల చప్పుడు కాసేపు అక్కడే ఉండి, తర్వాత పోయింది.

షెడ్డుకు పోయాను. పంపు మొత్తం విప్పి, ఒక్కో బోల్టూ తుడిచి, మళ్లీ బిగించాను. దానికేమీ జబ్బు లేదు.

మధ్యాహ్నం వదిన ఫోను. ఏడుస్తోందా నవ్వుతోందా అర్థం కాలేదు. పరంధామయ్య "కర్రలు సేసిన హృషీకేశ్" అని పిలిచాడట. అన్న ముందుకు పోయి తల వంచాడట. అర్చక స్వామి పరివట్టం ఎత్తేలోపల నాయన లేచి మైకు లాక్కున్నారట. మా నాయన! ఇన్ని ఉత్సవాల్లో ఒక్కసారి కూడా మైకు ముట్టని మనిషి.

"ఆగండి స్వామీ. వాడు మోసినాడు, అంతే. సేసింది నా కూతురు రంగప్రియ. మొదుటి కర్రలు పనికిరావని అదే సెప్పింది. మీరు నగినారు. నేను నోరు మూసుకుని ఉన్నా. దాని మాటే నిజం. పరివట్టం దానిది."

"అందురూ నీకోసం వెనక్కి తిరిగి సూసినారు ప్రియా" అంది వదిన. "మీ నాయన మైకు పట్టుకుని అట్లే నిలబడి ఆడోళ్ల పక్క సూస్తా ఉన్నాడు. నువ్వు యాడో వెనకాల ఉంటావని అనుకున్నాడు. శానా సేపు సూసినాడు."

చేతికి గ్రీజు ఉంది. ఫోనుకంతా అంటుకుంది.

ఇంటికి వచ్చేసరికి పట్టుగుడ్డ మడతపెట్టి నా బల్ల మీద, ఈ పుస్తకం మీదే పెట్టి ఉంది. కర్పూరం వాసన. నాయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. అన్న లేడు. ఆయన ఏమీ చెప్పలేదు, వదిన చెప్పిందని నేనూ చెప్పలేదు. కాఫీ తెచ్చి చేతికిచ్చాను. రెండు గుక్కలు తాగారు.

"యాడికి పోయినావు?" అన్నారు. "నీకోసరం సూసినా."

ఇన్నాళ్ల కోపం ఎక్కడికి పోయిందో, దానికోసం వెతికాను, దొరకలేదు. నీ మీద కోపంతోనే రాలేదు అని చెప్పాలి. నోరు రాలేదు.

"పంపు చెడిపోయింది నాయనా. అందుకే షెడ్డుకు పోయినా" అన్నాను.

తలూపారు. "అట్లనా. అయితే సరే" అన్నారు. నమ్మారు.